పడవ ట్రైలర్‌ని బండికి తగిలించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పడవ ట్రైలర్‌ని రోడ్డు మీద లాగడం కంటే బండికి తగిలించడమే చాలామందికి పెద్ద టెన్షన్. కలపాల్సిన రెండు భాగాలూ డ్రైవర్ సీట్లోంచి కనపడవు. కాస్త దగ్గరకు రాగానే ట్రైలర్ ముక్కు కూడా అద్దంలోంచి మాయమైపోతుంది. దిగి చూడటం, మళ్లీ ఎక్కడం, రెండంగుళాలు జరపడం, మళ్లీ దిగడం... ఇదే తంతు.

ఇందులో పట్టుకోవాల్సిన కిటుకు ఒకటే. పక్కకు ఉన్న తేడాని దూరంగా ఉన్నప్పుడే స్టీరింగ్‌తో సరిచేసుకోవాలి. ముందు వెనకల తేడాని చివర్లో బ్రేకుతో తేల్చుకోవాలి. రెండూ ఒకేసారి చేయబోతేనే తికమక. కింది జవాబుల్లో సగం దీని గురించే.

ఏ భాగాన్ని ఏమంటారు?

బండి వెనక చట్రానికి బిగించి ఉండే చదరపు గొట్టం రిసీవర్. అందులో దూర్చి పిన్ను పెట్టే ఇనుప కడ్డీ బాల్ మౌంట్, దాని కొసన ఉండే ఉక్కు గుండు బాల్. ట్రైలర్ వైపు ముందుకు పొడుచుకొచ్చే దూలాన్ని టంగ్ అంటారు. దాని చివర బాల్ మీద బోర్లించినట్టు కూర్చునేది కప్లర్. కప్లర్ పైనున్న మీట లాచ్. టంగ్‌ని పైకి లేపడానికి, కిందికి దించడానికి చేత్తో తిప్పే జాక్ ఉంటుంది. దాని కింద తరచుగా చిన్న చక్రం కూడా ఉంటుంది. పడవ ముక్కును లాగి పట్టేది వించ్, అది బిగించిన నిలువు స్తంభం వించ్ పోస్ట్. ఈ స్తంభాన్ని గుర్తుపెట్టుకోండి, గురి చూసుకోవడానికి మనకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

బండి ఎక్కకముందు ఏం చూసుకోవాలి?

ముందు ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టాలి. ఒక వైపు పెట్టి సరిపెట్టుకోకండి, ప్రతి టైరుకూ ముందొకటి, వెనకొకటి ఉండాలి. బాల్ వచ్చి కప్లర్‌కి చిన్నగా తగిలినా చాలు, పడవతో సహా ట్రైలర్ వెనక్కి దొర్లుతుంది. చాలా పడవ ట్రైలర్లకు హ్యాండ్‌బ్రేక్ ఉండదు కాబట్టి దాన్ని ఆపేవి ఆ అడ్డు దిమ్మలే.

తరవాత కప్లర్ ఎత్తు. కప్లర్ కింది అంచు బాల్ పైభాగం కంటే ఒకటి, రెండు అంగుళాలు ఎత్తులో ఉండేలా జాక్ తిప్పండి. మరీ తక్కువ ఎత్తులో ఉంటే బాల్ వెళ్లి కప్లర్ మూతిని గుద్దుతుంది. మరీ ఎక్కువ ఎత్తులో ఉంటే కప్లర్ బాల్ మీదుగా దాటిపోయి బంపర్‌నో నంబర్ ప్లేటునో నొక్కేస్తుంది. బండిలో సామాను, మనుషులు ఎక్కితే వెనక భాగం కాస్త కిందికి దిగుతుంది. అందుకే సామాను సర్దేసిన తరవాతే ఎత్తు చూసుకోవడం మంచిది.

లాచ్ తెరిచి పెట్టండి. ఎంతో కష్టపడి బాల్‌ని సరిగ్గా కప్లర్ కిందికి తెచ్చాక, లాచ్ మూసే ఉందని అప్పుడు తెలిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చెయిన్లు, వైర్లు బాల్ దారికి అడ్డం రాకుండా టంగ్ మీదకు వేసేయండి. జాక్ హ్యాండిల్ బంపర్ వైపు పొడుచుకుని ఉంటే పక్కకు తిప్పండి. కప్లర్ లోపల ఒకసారి తొంగిచూడటమూ మంచిదే. చాలాకాలం వాడని ట్రైలర్ అయితే అందులో మట్టి, కందిరీగల గూడు ఉండొచ్చు.

బాల్ సైజు ఏదైనా ఫర్వాలేదా?

లేదు. ఈ పేజీలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే. ఎక్కువగా కనిపించే సైజులు 1-7/8 అంగుళాలు, 2 అంగుళాలు, 2-5/16 అంగుళాలు. చాలా దేశాల్లో 50 మిల్లీమీటర్ల బాల్ వాడతారు. కప్లర్ మీద దానికి పట్టే బాల్ సైజు ముద్ర వేసి ఉంటుంది. బాల్ పైన కూడా సైజు, అది మోయగల బరువు ఉంటాయి. రెండు చోట్లా అంకె ఒకటే కావాలి.

పెద్ద బాల్ చిన్న కప్లర్‌లో కూర్చోదు, వెంటనే తెలిసిపోతుంది. చిక్కంతా చిన్న బాల్‌తోనే. 2 అంగుళాల కప్లర్‌లోకి 1-7/8 బాల్ చక్కగా దూరుతుంది, లాచ్ కూడా మూసుకుంటుంది, నాలుగు అడుగులు లాగితే బాగానే వస్తుంది. రోడ్డు మీద ఒక గట్టి గతుకు తగిలినప్పుడు ఊడిపోతుంది. 50 మిల్లీమీటర్లు, 2 అంగుళాలు దాదాపు ఒకటే అనిపిస్తాయి గానీ, 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. ఆ తేడా వల్లే ఒకటి రెండోదానిలో బిగుసుకుపోవడమో, వదులుగా ఆడటమో జరుగుతుంది. వీటిని కలిపి వాడొద్దు.

ఎంత దూరం నుంచి వెనక్కి రావడం మొదలుపెట్టాలి?

చోటుంటే ఆరు నుంచి ఎనిమిది మీటర్లు. బండిని ట్రైలర్‌తో ఒకే గీత మీదకు తెచ్చి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా రావాలి. చోటు లేక మూల నుంచి తిరిగి రావాల్సి వచ్చినా, చివరి మూడు మీటర్లయినా నిటారుగా వచ్చేలా చూసుకోండి.

దూరం ఎందుకంటే, బాల్ పక్కకు జరగాలంటే బండి కొంత దూరం దొర్లాలి. ఆరు మీటర్ల దూరంలో అడుగు తేడా ఉంటే స్టీరింగ్‌ని కొద్దిగా అటు తిప్పి, మళ్లీ ఇటు తిప్పితే సరిపోతుంది. చివరి అడుగులో అయితే స్టీరింగ్ ఆఖరి దాకా తిప్పినా బాల్ పక్కకు జరిగేది రెండు మూడు అంగుళాలే, పైగా బండి వంకరగా నిలుస్తుంది. దగ్గరకొచ్చాక స్టీరింగ్‌తో కుస్తీ పట్టడం కంటే నాలుగు మీటర్లు ముందుకు వెళ్లి మళ్లీ రావడమే త్వరగా అయ్యే పని. ఇది చెబితే చాలామంది ఒప్పుకోరు. ఇంత దగ్గరకు తెచ్చాం కదా, ఇంకొంచెం తిప్పితే సరిపోతుందని ఆ రెండు అంగుళాల కోసమే పావుగంట తిప్పుతూ ఉంటారు.

స్టీరింగ్ ఎటు తిప్పాలి?

ట్రైలర్ ఇంకా తగిలించలేదు కాబట్టి మామూలు రివర్సే. బండి వెనక భాగం ఎటు పోవాలంటే స్టీరింగ్ అటే తిప్పాలి. బాల్ కుడికి జరగాలంటే కుడికి, ఎడమకు జరగాలంటే ఎడమకు.

ట్రైలర్ తగిలించిన బండిని వెనక్కి నడపడం అలవాటైనవాళ్లే ఇక్కడ ఎక్కువగా తడబడతారు. అక్కడ ట్రైలర్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకోకండి.

ఇంకో సంగతి. ఒక వైపు తిప్పి సరిచేస్తే బండి కాస్త ఏటవాలుగా మారుతుంది. అలా వదిలేస్తే ముందున్న తేడా పోయి, అవతలి వైపు కొత్త తేడా వస్తుంది. అందుకే తిప్పినంతా మళ్లీ వెనక్కి తిప్పి బండిని నిటారు చేసుకోవాలి. కొద్దిగా తిప్పడం, వెంటనే సరిచేయడం, అదీ దూరంలో ఉన్నప్పుడే.

వెనక్కి వచ్చేటప్పుడు దేన్ని గురి చూసుకోవాలి?

కప్లర్‌ని చూస్తూ రావాలనుకుంటారు అందరూ. అది కిందుంటుంది, సగం దూరం వచ్చేసరికే కనపడదు. పడవ ట్రైలర్‌లో ఉన్న పెద్ద సౌకర్యం ఏంటంటే, కప్లర్, వించ్ పోస్ట్, పడవ ముక్కు మూడూ ఒకే మధ్య గీత మీద ఉంటాయి. సామాను మోసే చదును ట్రైలర్లకు ఈ సుఖం లేదు. వించ్ పోస్ట్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి కప్లర్ కనపడకుండా పోయాక కూడా అది బండి వెనక కిటికీ అద్దంలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఈ మూడిట్లో ఏదైనా మధ్యకు లేదని అనిపిస్తే, పడవే ట్రైలర్ మీద పక్కకు జరిగి కూర్చుందేమో చూడండి. అలా ఉంటే పడవ ముక్కుని కాకుండా స్తంభాన్నే నమ్మాలి.

చేయాల్సింది ఇది. వెనక కిటికీ అద్దానికి లోపలి వైపు, సరిగ్గా బాల్‌కి పైన, నిలువుగా ఒక టేపు ముక్క అంటించండి. వించ్ పోస్ట్‌కి ముందు వైపు కూడా మెరిసే రంగు టేపు ఒకటి. బండి లోపల వెనక్కి చూసుకునే అద్దంలో (రియర్‌వ్యూ మిర్రర్) చూస్తూ ఈ రెండు టేపులూ ఒకదాని వెనక ఒకటి ఉండేలా వెనక్కి రండి. వించ్ పోస్ట్ టేపు కుడికి జరుగుతూ కనిపిస్తే బాల్ ఎడమకు పోతున్నట్టు, స్టీరింగ్ కాస్త కుడికి. అద్దంలోనైనా బండి కుడి వైపు కుడి వైపే కనిపిస్తుంది కాబట్టి తిరకాసు లేదు.

భుజం మీంచి వెనక్కి తిరిగి చూస్తూ ఈ గురి పెట్టకండి. డ్రైవర్ బండి మధ్యలో కూర్చోడు, ఒక పక్కన కూర్చుంటాడు. తల తిప్పి చూస్తే మధ్యలో ఉన్న స్తంభం కూడా పక్కకు ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి అద్దం దాదాపు బండి మధ్యలోనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మొచ్చు.

పక్క అద్దాలు కూడా వాడుకోండి. పడవ ట్రైలర్ సాధారణంగా బండి కంటే వెడల్పు. రెండు అద్దాల్లోనూ ట్రైలర్ మడ్‌గార్డులు సమానంగా కనిపిస్తుంటే మీరు దాదాపు గీత మీద ఉన్నట్టే.

వెనక కెమెరా ఉంది. అది చూస్తే సరిపోదా?

పక్కకు సరిచూసుకోవడానికి కెమెరా చాలా బాగా పనిచేస్తుంది. దూరం విషయంలో మాత్రం మోసం చేస్తుంది. కెమెరా పైనుంచి కిందికి చూస్తుంది. నేలకు ఎంత ఎత్తులో ఉన్న వస్తువైతే తెరమీద అంత దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కప్లర్ బాల్ కంటే ఎత్తులో ఉంటుంది కదా, అందుకే ఇంకా రావాలేమో అనిపించి వెనక్కి వచ్చేస్తారు, దాటిపోతారు. ఎత్తు ఎంతుందో కెమెరా అసలు చెప్పదు. అది దిగి చూడాల్సిందే.

కెమెరా లెన్స్ వెడల్పుగా చూసేది కాబట్టి తెర అంచుల్లో నిటారు గీతలు కూడా వంగి కనిపిస్తాయి. మధ్య గీతను నమ్మండి, అంచుల్లో కనిపించేవాటిని పట్టించుకోకండి. కొన్ని బండ్లలో కెమెరా సరిగ్గా మధ్యలో కాకుండా కొన్ని సెంటీమీటర్లు పక్కకు ఉంటుంది. అలాంటి బండిలో తెర మధ్య గీతకూ బాల్‌కీ తేడా ఉంటుంది. తెర మీద బాల్ ఎక్కడ కనిపిస్తుందో చూసుకుని, గీత కంటే దానికే ప్రాధాన్యం ఇవ్వండి.

మంచి చిట్కా ఒకటుంది. ఒకసారి సరిగ్గా తగిలించాక, కప్లర్ బాల్ మీదకు దిగకముందే తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తరవాత ఎప్పుడు చేసినా తెర మీద బొమ్మ ఆ ఫొటోలా కనిపించిన చోట ఆగితే చాలు. ట్రైలర్ ఎత్తు ఒకేలా ఉంటేనే ఇది పనికొస్తుంది.

పికప్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. వెనక తలుపు దించితే బాగా కనిపిస్తుందని కొందరు దించేస్తారు. చాలా పికప్‌లలో కెమెరా ఆ తలుపు హ్యాండిల్‌లోనే ఉంటుంది, దించగానే అది నేలను చూస్తుంది. పైగా దించిన తలుపు వెళ్లి ట్రైలర్ జాక్‌కి తగులుతుంది. తగిలించాక కూడా, తలుపు తెరవబోయే ముందు జాక్ ఎక్కడుందో చూసుకోవాలి.

కెమెరా లేదు, పక్కన ఎవరూ లేరు. ఎలా?

టేపు పద్ధతి పైన చెప్పాను, చాలామందికి అదే చాలు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే అయస్కాంతం అడుగుతో, పొడవు పెంచుకునే పుల్లలు జతగా దొరుకుతాయి. వాటి పైకొసన రంగు బంతులు ఉంటాయి. ఒకటి బాల్ మీద, ఒకటి కప్లర్ మీద నిలబెట్టి, రెండూ ఒకదానికొకటి తాకే దాకా వెనక్కి రావాలి. పక్కకు ఎంత తేడా ఉందో, ముందుకు ఎంత ఉందో రెండూ తెలుస్తాయి. పుల్లలు నిటారుగా నిలబడేలా చూసుకోండి. ఒకటి వాలి ఉంటే కొస చూపించే చోటు వేరు, మొదలు ఉన్న చోటు వేరు అవుతాయి.

అన్నిటికంటే నమ్మకమైన పద్ధతికి పైసా ఖర్చు లేదు, దిగి చూడటమే. మీటరు దూరంలో ఆగి ఒకసారి, అడుగు దూరంలో ఆగి ఇంకోసారి. దిగడానికి మొహమాటపడొద్దు. రేవు దగ్గర నలుగురూ చూస్తున్నారని దిగకుండానే పని కానిద్దామనుకునేవాళ్లే బంపర్లకు సొట్టలు పెట్టుకుంటారు. దిగిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేక్ వేయండి.

పక్కన ఒకరు నిలబడి చెబితే?

చెప్పే మనిషి బండికీ ట్రైలర్‌కీ మధ్యలో ఎప్పుడూ నిలబడకూడదు. బండి పూర్తిగా ఆగి, హ్యాండ్‌బ్రేక్ పడేదాకా ఆ జాగాలోకి ఎవరూ వెళ్లకూడదు. ఎక్స్‌లరేటర్ మీద కాలు జారినా, క్లచ్ వదిలేసినా, మధ్యలో ఉన్నవాళ్లకు తప్పుకునే వ్యవధి ఉండదు. టంగ్‌కి ఒక పక్కగా, డ్రైవర్ వైపు అద్దంలో కనిపించేలా నిలబడాలి. ఆ మనిషి అద్దంలోంచి మాయమైతే డ్రైవర్ వెంటనే ఆపాలి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

మాటలు ముందే అనుకోండి. "కొంచెం అటు" అంటే ఎటు? వెనక వైపు మొహం పెట్టి నిలబడ్డ మనిషి కుడి వేరు, డ్రైవర్ కుడి వేరు. అందుకే చెయ్యి చాపి చూపించడం మంచిది: బండి వెనక భాగం ఎటు రావాలో అటు. రెండు అరచేతుల మధ్య దూరం ఎంత మిగిలిందో చూపిస్తుంది. పిడికిలి బిగిస్తే ఆగమని. ఇద్దరు మనుషులు చెరో వైపు నిలబడి చెప్పడం వద్దు. ఒక్కరి మాటే వినాలి. ఇంజిన్ చప్పుడులో మాటలు వినపడకపోతే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టుకోండి.

భార్యాభర్తల మధ్య గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయని ట్రైలర్ లాగేవాళ్లంతా నవ్వుతూ చెబుతుంటారు. సైగలు ముందే అనుకున్న ఇంట్లో ఆ గొడవ సగం తగ్గుతుంది.

గేర్ పార్కింగ్‌లో పెట్టగానే బండి రెండంగుళాలు జరిగిపోతోంది. ఎందుకు?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పార్కింగ్ అంటే లోపల ఒక కొక్కెం పళ్ల చక్రంలోకి దిగడమే. బ్రేకు మీంచి కాలు తీశాక, ఆ కొక్కెం పన్నుకు ఆనుకునేదాకా బండి కొద్దిగా దొర్లుతుంది. మీరు బ్రేకు తొక్కి ఉన్నప్పుడు బాల్ సరిగ్గా కప్లర్ కిందే ఉంటుంది, దిగి చూస్తే ఉండదు. తప్పు మీ గురిది కాదు.

వరస మార్చితే చాలు. బ్రేకు తొక్కి ఉంచి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేయండి. కాలు మెల్లగా తీసి బండిని హ్యాండ్‌బ్రేక్ మీద కుదురుకోనివ్వండి. ఆ తరవాత పార్కింగ్ గేర్. అప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. గేర్లు మార్చే బండి అయితే హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, గేర్‌లో వదిలేయండి.

చివరి అడుగు బండిని ఎలా నడపాలి?

ఎక్స్‌లరేటర్ ముట్టుకోకుండా. ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలు ఉంచి కొద్దికొద్దిగా వదులుతూ రావాలి, బండి తనంతట తానే పాకుతుంది. మాన్యువల్‌లో సగం క్లచ్‌తో. ఫోర్ వీల్ డ్రైవ్‌లో బాగా నెమ్మదిగా నడిపే "లో రేంజ్" గేరు ఉన్న బండి అయితే అందులో రివర్స్ ఎంతో నెమ్మదిగా వస్తుంది, ఎత్తు మీద బాగా పనికొస్తుంది. గట్టి నేల మీద దాంతో పదునైన మలుపులు మాత్రం తిప్పకండి.

బండి దానంతట అదే గట్టిగా బ్రేక్ వేసుకుంటోంది. పాడైందా?

కాదు. వెనక అడ్డం ఏదైనా ఉంటే బ్రేకు వేసే సదుపాయం ఇప్పుడు చాలా బండ్లలో ఉంది. దానికి మీ ట్రైలర్ ఒక అడ్డంకి. మెనూలో వెనక ఆటోమేటిక్ బ్రేక్, పార్కింగ్ సెన్సర్లు తాత్కాలికంగా ఆపేయండి. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరవొద్దు.

అంగుళం తేడాతో ఆగింది. ట్రైలర్‌ని చేత్తో లాగి సరిచేయొచ్చా?

ముందు వెనకల తేడా అయితే బండినే జరపండి. పక్కకు అయితే, టంగ్ కింద జాక్ చక్రం ఉండి, నేల గట్టిగా, సమంగా ఉంటే టంగ్‌ని కొద్దిగా పక్కకు నెట్టొచ్చు. అడ్డు దిమ్మలు తీయకూడదు.

ఎత్తడం మాత్రం వద్దే వద్దు. పడవ ట్రైలర్ల మొత్తం బరువులో సాధారణంగా 5 నుంచి 10 శాతం టంగ్ మీద పడుతుంది. అంటే పడవతో కలిపి 1500 కిలోలుంటే టంగ్ మీద 75 నుంచి 150 కిలోలు. నడుం పట్టేయడానికి అది చాలు. వేళ్లు కప్లర్ లోపల పెట్టి బాల్ ఎక్కడుందో తడిమి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. జాక్ ఒక్క పన్ను జారితే ఆ వేళ్లు ఉండవు. టార్చి వేసి చూడండి.

బండి కాస్త వంకరగా ఆగింది. అలాగే తగిలించొచ్చా?

తగిలించొచ్చు. బాల్ గుండ్రటిది కాబట్టి ఏ కోణంలోనైనా కూర్చుంటుంది. జాక్, హ్యాండిల్ బంపర్‌కి తగలకుండా ఉంటే చాలు. నిటారుగా రమ్మనేది గురి తేలిగ్గా కుదరడానికే.

నేల వాలుగా ఉంది, లేదా మెత్తగా ఉంది. ఏం చేయాలి?

వాలులో అడ్డు దిమ్మలు టైరుకి గట్టిగా ఆనాలి, పెట్టాక కాలితో తన్ని చూడండి. నీళ్లలోకి దిగే రేవు వాలు మీద ట్రైలర్‌ని విప్పడం గానీ, తగిలించడం గానీ అసలు చేయకండి. చదును నేల మీదకు వచ్చాకే ఆ పని. మెత్తటి నేలలో జాక్ చక్రం బరువుకి కూరుకుపోతుంది, మీరు పెట్టిన ఎత్తు తగ్గిపోతుంది. కింద వెడల్పైన చెక్క పెట్టండి.

కప్లర్ సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

జాక్ తిప్పి కప్లర్‌ని దించుతున్నప్పుడు అది బాల్ మీద కూర్చోగానే బండి వెనక భాగం కొద్దిగా కిందికి దిగుతుంది. లాచ్ బలవంతం లేకుండా మూసుకోవాలి. మూసుకోకపోతే సుత్తితో కొట్టకండి. బాల్ అర అంగుళం ముందుకో వెనక్కో ఉందన్నమాట. జాక్‌తో కాస్త లేపి, బండిని ఒక వెంట్రుకవాసి జరిపి, మళ్లీ దించండి.

లాచ్ మూసుకుంది కదా అని వదిలేయకూడదు. కొన్నిసార్లు బాల్ పూర్తిగా లోపలికి దిగకుండానే లాచ్ మూసుకున్నట్టు కనిపిస్తుంది. కప్లర్ బాల్ తలమీద కూర్చుని ఉంటుంది, బాల్‌ని కిందినుంచి పట్టుకునే లోపలి నాలుక బాల్ కిందికి వెళ్లదు. మోకాళ్ల మీద కూర్చుని కిందినుంచి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది, నాలుక బాల్ కింద, మెడ దగ్గర ఆనుకుని ఉండాలి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది తప్పక చేయండి. లాచ్ మూసి పిన్ను పెట్టాక, జాక్‌ని మళ్లీ పైకి తిప్పండి. టంగ్‌తో పాటు బండి వెనక భాగం కూడా పైకి లేస్తే బాల్ పట్టుకున్నట్టు. టంగ్ ఒక్కటే లేచి వచ్చేస్తే పట్టలేదన్నమాట. ఒక అంగుళం లేస్తే చాలు. ఎక్కువ లేపితే వెనక చక్రాల మీద బరువు తగ్గి హ్యాండ్‌బ్రేక్ పట్టు పోతుంది.

మిగతా తగిలింపులు ఏ వరసలో?

లాచ్‌కి పిన్ను. తరవాత సేఫ్టీ చెయిన్లు, టంగ్ కింద ఒకదాన్ని ఒకటి దాటేలా కత్తెర వేసి తగిలించాలి. కప్లర్ ఊడినా టంగ్ ఆ చెయిన్ల మీద పడుతుంది, రోడ్డుకి గుచ్చుకోదు. నేలకి రాసుకోకూడదు, మలుపుల్లో బిగుసుకోకూడదు. ట్రైలర్ బ్రేకులకు బ్రేక్‌అవే తీగ (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకు పడేలా లాగే తీగ) ఉంటే అది చెయిన్లకు కాకుండా విడిగా బండి చట్రానికి కట్టాలి.

లైట్ల ప్లగ్ పెట్టి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు చూసుకోండి. పడవ ట్రైలర్లలో ఎక్కువగా వాడేది సర్జ్ బ్రేకు, అంటే బండి ఆగినప్పుడు ట్రైలర్ ముందుకు నెట్టే బలంతోనే పడే బ్రేకు. వెనక్కి నెట్టినప్పుడు కూడా అది పడుతుంది. 5 పిన్నుల ప్లగ్‌లో అయిదో వైరు ఉండేది అందుకే, రివర్స్ లైటు వెలగగానే అది ట్రైలర్ బ్రేకును వదిలిస్తుంది. 4 పిన్నులతో సరిపెడితే రివర్స్‌లో ట్రైలర్ మొరాయిస్తుంది. పాత రకం బల్బులుంటే నీళ్లలోకి దించే ముందు ప్లగ్ తీసేయండి, వేడెక్కిన బల్బు చన్నీళ్లు తగిలితే పగిలిపోతుంది.

జాక్ పూర్తిగా పైకి తిప్పి, మడిచే రకమైతే మడవండి. అడ్డు దిమ్మలు ఆఖరున తీయండి.

రాత్రిపూట?

కప్లర్ మీద మెరిసే టేపు, బాల్ మీద కాస్త తెల్ల రంగు గుర్తు చాలా ఉపయోగం. రివర్స్ లైట్ల వెలుతురు సరిపోకపోతే టంగ్ మీద చిన్న లైటు పెట్టండి, డ్రైవర్ కళ్లలోకి కొట్టకుండా కిందికి తిప్పి. వాన పడితే మొదట కెమెరా లెన్స్ తుడవండి.

ప్రతిసారీ ఇంత తిప్పలేనా? వచ్చేసారి తేలిక చేసుకోవడానికి ఏముంది?

వచ్చేసారి పని సగం, ఇప్పుడు ట్రైలర్ విప్పేటప్పుడే చేసుకోవచ్చు. ట్రైలర్‌ని ఎప్పుడూ ఒకే చోట పెట్టేవాళ్లయితే, విప్పేముందు బండి ముందు టైర్ల పక్కన నేల మీద సుద్దతోనో రంగుతోనో గీత పెట్టండి. కప్లర్ బాల్ మీంచి లేచాక, అది బాల్‌ని తప్పించుకునేంత ఎత్తులోనే జాక్‌ని ఆపి, బండిని తీసుకెళ్లిపోండి. జాక్‌ని ఇంకా తిప్పకండి. వచ్చేసారి ఎత్తు సరిగ్గానే ఉంటుంది. ట్రైలర్‌ని కదపకపోతే ఆ గీతల మీద టైర్లు ఆపిన చోటే బాల్ కప్లర్ కింద ఉంటుంది. విప్పేటప్పుడు లాచ్ రాకపోతే బాల్ మీద లాగుడు ఉందన్నమాట, బండిని రెండు అంగుళాలు అటో ఇటో జరిపి చూడండి, వదులుతుంది. ఆ జరిపేటప్పుడు చెయిన్లు ఇంకా తగిలించే ఉండాలి, అడ్డు దిమ్మలు పెట్టే ఉండాలి.